విద్యార్థి చేతికి స్టోర్ రూమ్ తాళం ఇవ్వండి: వీసీలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాల వైస్ చాన్సలర్లకు, రిజిస్ట్రార్లకు, స్టూడెంట్ అఫైర్స్ డీన్లకు, చీఫ్ వార్డెన్లకు, అనుబంధ కళాశాలల ప్రిన్సిపాళ్లకు

నమస్కారం.

ఏటా తరగతులు గాడిన పడే వేళకు కళాశాలలకు ఒక సర్క్యులర్ దిగుతుంది. విద్యార్థుల్లో నాయకత్వ లక్షణాలు పెంచే కార్యక్రమం పెట్టి, ఫొటోలతో నివేదిక పంపమంటుంది. మరుసటి వారమే సెమినార్ హాల్లో ఫ్లెక్సీ లేస్తుంది. ఒక వక్త వస్తారు, రెండున్నర గంటలు మాట్లాడతారు, పెద్ద కలలు కనమంటారు. చివర్లో సర్టిఫికెట్లు, గ్రూప్ ఫొటో, పులిహోర పొట్లం. నివేదిక న్యాక్ (కళాశాలలకు గ్రేడ్లిచ్చే సంస్థ) ఫైల్లోకి చేరుతుంది. ఆ హాల్లో కూర్చున్న 200 మందిలో మర్నాడు ఒక్కరి చేతికైనా కొత్త పని వచ్చిందా అని అడిగేవాళ్లుండరు.

హాస్టళ్లు, ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్లు, విద్యార్థి క్లబ్బులు దగ్గరుండి చూసే అధ్యాపకులం, వార్డెన్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఈత పుస్తకం చదివితే రానట్టే నాయకత్వం ఉపన్యాసం వింటే రాదు. డబ్బు, గడువు, పదిమంది మనుషులు, జవాబు చెప్పుకోవాల్సిన అవసరం, ఈ నాలుగూ ఉన్న అసలు పని విద్యార్థికి అప్పగించి, మునిగిపోకుండా చూసుకుంటూ పక్కన నిలబడాలి. అలాంటి పనులు మీ ప్రాంగణాల్లో ఇప్పటికే ఉన్నాయి. చాలావాటిని విద్యార్థి పేరు మీద ఆఫీసే నడిపిస్తోంది. చిక్కంతా అక్కడే ఉంది.

మెస్‌తో మొదలుపెడతాం. డివైడింగ్ పద్ధతిలో నడిచే మెస్ లెక్క మీకు తెలిసిందే. నెల ఖర్చంతా కలిపి బోర్డర్లు తిన్న రోజులతో భాగిస్తారు. 240 మంది ఉన్న హాస్టల్ అనుకోండి. 30 రోజులకు 7,200 రోజులు. మెస్ కట్ తీసుకున్న, అంటే ముందే చెప్పి భోజనం మానుకున్న 600 రోజులు పోతే 6,600. ఖర్చు 4,95,000 రూపాయలు తేలితే రోజుకు 75 రూపాయలు. ఈ భాగహారం చాలాచోట్ల ఆఫీసులోనే జరిగిపోతుంది. నోటీసు బోర్డు మీద చివరి అంకె ఒక్కటే కనబడుతుంది. అది చూసి బోర్డర్లు మెస్ సెక్రటరీని అనుమానిస్తారు, సెక్రటరీ వంటవాళ్లని అంటాడు, వాళ్లు సరుకు బాగా లేదంటారు. ఏడాది పొడుగునా ఇదే కచేరీ.

ఇక్కడ మేం చెప్పేది చిన్న మార్పు. మెస్ కమిటీలో ఆరుగురు ఉండాలి. ఒక్కొక్కరికీ మూడు నెలల గడువు. నెలకు ఇద్దరు దిగిపోతారు, ఇద్దరు కొత్తగా చేరతారు. అంటే ఏ నెలలో చూసినా ఇద్దరు నేర్చుకుంటూ, ఇద్దరు నడుపుతూ, ఇద్దరు నేర్పుతూ ఉంటారు. మొదటి నెల వాళ్లు సరుకు తూచి తీసుకోవడం, స్టాక్ రిజిస్టర్ రాయడం చేస్తారు. రెండో నెలలో కొనుగోలు, మెనూ వాళ్ల చేతికొస్తాయి. మూడో నెలలో లెక్క తేల్చి బోర్డర్ల ముందు నిలబడి చదవాలి. పది నెలల విద్యా సంవత్సరంలో ఒక్క హాస్టల్ నుంచే ఇరవై మందికి పైగా ఈ దారిన నడిచి బయటికొస్తారు. ఏడాదంతా ఒకడే సెక్రటరీగా ఉంటే రెండు నష్టాలు. నేర్చుకునేది ఒకడే, సరుకులవాడితో చనువు పెరిగేదీ ఆ ఒకడికే.

స్టోర్ రూమ్‌కు రెండు తాళాలు వేయండి. ఒక తాళంచెవి డ్యూటీలో ఉన్న విద్యార్థి దగ్గర, రెండోది మెస్ క్లర్కు దగ్గర. ఇద్దరూ ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. పొద్దున్నే నిన్నటి నిల్వ, ఈరోజు వచ్చింది, వంటకు ఇచ్చింది, మిగిలింది, ఈ నాలుగు గళ్లూ నిండాలి. బియ్యం బస్తా మీద 26 కిలోలని రాసి ఉంటే కాటా మీద ఎంత తూగిందో దాని పక్కన రాయాలి. కాటా సరిగ్గా ఉందో లేదో వారానికోసారి సీలు తీయని 5 కిలోల ప్యాకెట్ పెట్టి చూడాలి. ఇదంతా గుమాస్తా పని కదా, ఇందులో నాయకత్వమేముంది అని మీలో కొందరికి అనిపించవచ్చు. తూకం తగ్గినప్పుడు, తనకంటే పాతికేళ్లు పెద్దవాడైన సరుకుల వ్యాపారి ముఖం చూసి ‘అన్నా, రెండు కిలోలు తక్కువొచ్చింది, బిల్లులో తగ్గించు’ అని గొంతు పెంచకుండా, వెనక్కి తగ్గకుండా చెప్పడం ఏ వర్క్‌షాపులో నేర్పుతారో చెప్పండి.

శనివారం రాత్రి అన్నం సంగతి ఇంకా బాగుంటుంది. పూటకు మనిషికి 150 గ్రాముల బియ్యం లెక్కన 240 మందికి 36 కిలోలు పడుతుంది. శనివారం 60 మంది ఊళ్లకు వెళ్తారు. వాళ్లు మెస్ కట్ పుస్తకంలో రాయరు, రాసినా సాయంత్రం ఏడింటికి రాస్తారు. నాలుగింటికే ఎసరు పడిపోయి ఉంటుంది. 27 కిలోలు చాలే చోట 36 ఉడుకుతాయి. మిగిలిన అన్నం ఆదివారం పొద్దున డ్రమ్ములో చేరుతుంది. కిలో 50 రూపాయలు వేసుకున్నా పూటకు 450, నెలలో నాలుగు శనివారాలకు 1,800. దీన్ని ఆపడానికి వార్డెన్ నోటీసు పెడితే ఎవరూ చదవరు. కమిటీలో కుర్రాడు గదిగదికీ తిరిగి శుక్రవారం రాత్రే పేర్లు రాసుకుంటే ఆగుతుంది. మొదటి వారం నలభై మందే చెబుతారు. రెండో వారం ‘చెప్పకుండా వెళ్తే కట్ లేదు’ అన్న నియమం జనరల్ బాడీలో పెట్టి ఒప్పించాలి. మూడో వారం తన రూమ్మేటే చెప్పకుండా వెళ్తాడు. అప్పుడు ఆ నియమాన్ని అతనికీ వర్తింపజేయాలి. నాయకత్వ పాఠం మొత్తం ఆ మూడో వారంలోనే ఉంది.

టమాటా ధర పెరిగిన వారం మరో పరీక్ష. తెలివైన కమిటీ మెనూ మారుస్తుంది, గోంగూర పప్పో దోసకాయ పప్పో పెడుతుంది. అంతకంటే తెలివైన కమిటీ ఆ మార్పును ముందు రోజు రాత్రి భోజనాల దగ్గరే కారణంతో సహా చెబుతుంది: కిలో ధర ఇంత, రోజుకు పట్టేది ఇంత, మార్చకపోతే బిల్లు ఇంత పెరుగుతుంది. చెప్పకుండా మార్చిన కమిటీ మంచి నిర్ణయమే తీసుకుని కూడా తిట్లు తింటుంది.

బాకీల విషయం వీటన్నిటికంటే బరువైనది. మూడు నెలలుగా బిల్లు కట్టని వాళ్లలో రెండు రకాలుంటారు, కట్టలేనివాళ్లు, కట్టనివాళ్లు. స్కాలర్‌షిప్పు, ఫీజు రీయింబర్స్‌మెంటు ఆలస్యమైన ఏడాది మొదటి రకం పెరుగుతారు. ఇద్దరి పేర్లూ ఒకే జాబితాలో బోర్డు మీద అంటిస్తే కట్టలేనివాడు సిగ్గుతో మెస్‌కు రావడం మానేస్తాడు, కట్టనివాడు నవ్వుకుంటాడు. అందుకని బాకీ జాబితా బోర్డు మీద వేయకూడదన్నది మా గట్టి అభిప్రాయం. కమిటీ సభ్యుడు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, స్కాలర్‌షిప్పు స్థితి కనుక్కుని, వార్డెన్‌కు రెండు జాబితాలు వేర్వేరుగా ఇవ్వాలి. ఇరవయ్యేళ్ల వయసులో ఈ తేడా పట్టుకోవడం నేర్చుకున్నవాడు రేపు తహసీల్దారైనా, మేనేజరైనా మనుషుల్ని ఒకే గాటన కట్టడు.

ఇక మీటింగులు. మన విద్యార్థులకు సభలు తెలుసు, సమావేశాలు తెలియవు. సభలో ఒకరు మాట్లాడితే మిగతావాళ్లు చప్పట్లు కొడతారు. సమావేశం ముగిసేసరికి ఎవరు, ఏ పని, ఎప్పటికల్లా అన్నది కాగితం మీదికి రావాలి. 40 నిమిషాలకు మించకూడదు. మూడు అంశాలు చాలు, అవి ముందు రోజే అందరికీ తెలియాలి. మినిట్స్ పుస్తకంలో పేజీని మూడు గళ్లు చేయమనండి: పని, మనిషి, తేదీ. తర్వాతి సమావేశం ఆ గళ్లు చదవడంతోనే మొదలవ్వాలి. ‘చర్చించడమైనది’ అని ముగిసే వాక్యం మినిట్స్‌లో కనిపిస్తే ఆ పని జరగదని అనుకోవచ్చు.

సమావేశాల్ని చంపేసే మాట ఒకటుంది: ‘నువ్వే చెప్పావుగా, నువ్వే చూసుకో’. హాస్టల్‌లో నీళ్ల ట్యాంకు కడగలేదని లేచి చెప్పిన అమ్మాయి మీదే ట్యాంకు కడిగించే బాధ్యత పడుతుంది. రెండుసార్లు ఇలా జరిగితే మూడోసారి ఎవరూ నోరు విప్పరు. సమస్య చెప్పినవాళ్లకు ఆ సమావేశంలో ఆ పని అప్పగించకూడదని నియమం పెట్టండి. పైసా ఖర్చు లేని నియమం.

డబ్బు గురించి కాస్త కటువుగానే రాయాలి. ఇప్పుడు కల్చరల్ ఫెస్ట్ కానీ, టెక్ ఫెస్ట్ కానీ, స్పోర్ట్స్ మీట్ కానీ ఎలా నడుస్తోంది? విద్యార్థి ముందు సొంత డబ్బు పెట్టాలి, బిల్లులు సమర్పించాలి, ఆపై నెలల తరబడి అకౌంట్స్ సెక్షన్ చుట్టూ తిరగాలి. దీని ఫలితమేమిటో ఎవరైనా ఆలోచించారా? ఇరవై వేలు జేబులోంచి తీసి పెట్టి, ఆరు నెలలు ఆగగలిగినవాడే కన్వీనర్ అవుతాడు. కూలి చేసి చదివించే ఇంటి బిడ్డ వాలంటీర్ బ్యాడ్జీ దగ్గరే ఆగిపోతాడు. డబ్బున్నవాళ్లే నాయకులనే అభిప్రాయానికి మన రీయింబర్స్‌మెంటు పద్ధతే పునాది వేస్తోంది.

అడ్వాన్సు ఇవ్వండి. చిన్న కార్యక్రమానికి 10,000 రూపాయలనుకుంటే ముందు 5,000, దాని బిల్లులు వచ్చాక మిగతా 5,000. ఇద్దరు విద్యార్థులు, ఒక అధ్యాపకుడు కలిసి సంతకం చేసే ఖాతా ఉండాలి. అది అధ్యాపకుడి సొంత ఖాతా కానే కాకూడదు. 200 రూపాయలు దాటిన ప్రతి చెల్లింపూ యూపీఐలో జరగాలి. ఆటో, టీ లాంటి బిల్లు రాని ఖర్చుకు విద్యార్థే వోచర్ రాసి, ఇంకొకరితో సంతకం పెట్టించాలి. కార్యక్రమం ముగిసిన ఏడు రోజుల్లో లెక్క ఇవ్వాలి, ఇచ్చిన ఏడు రోజుల్లో ఆఫీసు దాన్ని ముగించాలి. రెండో ఏడు రోజుల షరతు లేకపోతే మొదటిది అడిగే హక్కు మనకు ఉండదు. వ్యాపారులు ఇచ్చే ఖాళీ బిల్లు పుస్తకాల బెడద కూడా ముందే చెప్పాలి. అంకె రాయని బిల్లు మీద సంతకం చేయకూడదని మొదటి రోజే గట్టిగా చెప్పకపోతే, ఫెస్ట్ నుంచి వాళ్లు నేర్చుకునేది ఆ ఖాళీ బిల్లు విద్యే.

ఎన్‌ఎస్‌ఎస్ ఉంది కదా అంటారేమో. ఉంది. 1969 సెప్టెంబర్ 24న, గాంధీ శతజయంతి సంవత్సరంలో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన పథకమిది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లకు 240 గంటలు, ఒక ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. కాగితం మీద ఇంతకంటే మంచి నాయకత్వ పాఠశాల దేశంలో లేదు. శిబిరంలో జరిగేది వేరు. మొదటి రోజు ప్రారంభోత్సవం, రెండో రోజు ఊళ్లో ర్యాలీ, మూడో రోజు వీధి ఊడవడం, ఆపైన మొక్కలు, వైద్య శిబిరం, సాంస్కృతిక కార్యక్రమం, ముగింపు. ఊరివాళ్లు అరుగుల మీద కూర్చుని చూస్తారు. ఎనిమిదో రోజుకు వీధిలో చెత్త మళ్లీ మామూలే.

దీనికి విరుగుడు శిబిరానికి మూడు వారాల ముందే మొదలవ్వాలి. ఆరుగురు విద్యార్థులు, అధ్యాపకుడు లేకుండా, ఆ ఊరికి వెళ్లాలి. సర్పంచ్‌ని, పంచాయతీ కార్యదర్శిని, ఆశా కార్యకర్తని, హోటల్ దగ్గర కూర్చున్న నలుగుర్ని వేర్వేరుగా కలవాలి. అందర్నీ ఒకేచోట కూర్చోబెడితే సర్పంచ్ మాటే అందరి మాటవుతుంది. ఏడు రోజుల్లో పూర్తయ్యే ఒకే ఒక్క పని ఎంచుకోవాలి. ఉదాహరణకు, బోరింగు దగ్గర మురుగు నిలిచే ఐదు చోట్ల ఇంకుడు గుంతలు.

గుంత నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు అనుకుందాం. 64 ఘనపుటడుగుల మట్టి. 50 మంది వాలంటీర్లు ఐదు జట్లయితే జట్టుకు పదిమంది. ఇక్కడే చాలా శిబిరాలు బోల్తా కొడతాయి. నాలుగడుగుల గుంతలో ఒకేసారి ఇద్దరికి మించి నిలబడి తవ్వలేరు. పదిమందిని వదిలేస్తే ఇద్దరు తవ్వుతారు, ఎనిమిది మంది ఫోన్లు చూస్తారు, మధ్యాహ్నానికి తవ్వినవాళ్లకు ఒళ్లు మండిపోతుంది. జట్టు నాయకురాలు ముందు రాత్రే లెక్క వేసుకోవాలి: గునపాలు రెండు, పారలు మూడు, తట్టలు నాలుగు. ఇద్దరు తవ్వుతారు, ఇద్దరు మట్టి ఎత్తుతారు, ఇద్దరు మోస్తారు, ఇద్దరు రాళ్లు ఏరి సైజులవారీగా కుప్పలు పోస్తారు, ఒకరు టేపుతో కొలుస్తూ గోడలు నిటారుగా ఉన్నాయో లేదో చూస్తారు, ఒకరు నీళ్లు అందిస్తారు. పదిహేను నిమిషాలకోసారి అందరూ ఒక స్థానం జరగాలి. మెత్తటి నేలైతే ఒక్క పూటలో గుంత దిగుతుంది, మొరం తగిలితే రెండు రోజులు పడుతుంది. అందుకే వేరే జట్టుతో పోటీ పెట్టకూడదు. మొరం తగిలిన జట్టు తమ తప్పేమీ లేకుండానే ఓడిపోతుంది. అడుగున పెద్ద రాళ్లు, వాటిపైన 40 ఎంఎం కంకర, ఆపైన 20 ఎంఎం, పైన ఇసుక. రాళ్లు, కంకర ఊరికి ఎప్పుడు చేరతాయన్నది తవ్వకం మొదలుపెట్టేలోపే తేల్చుకోవాలి. తవ్విన గుంతను రాత్రి తెరిచి వదిలేస్తే పిల్లలో పశువులో పడతాయి. దానిచుట్టూ తాడు కట్టకుండా జట్టు భోజనానికి వెళ్లకూడదు.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కూడా ఉంది. మంచి ఆలోచనే కానీ ప్రతి ఒక్కరూ విడిగా నివేదిక రాయాలన్నప్పుడు అది జెరాక్స్ షాపులో దొరికే సరుకైపోయింది. ఎనిమిది మంది కలిసి ఒకే ఊళ్లో ఒకే పని చేసి, దాన్ని ఆ ఊరి గ్రామసభలో చదివి వినిపించాలని షరతు పెడితే, నకలు నివేదికతో ఊరివాళ్ల ముందు నిలబడే ధైర్యం ఎవరికీ ఉండదు.

క్లాస్ రిప్రజెంటేటివ్‌ల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఫస్ట్ మార్కు వచ్చినవాణ్ణి మాస్టారు ఎంపిక చేస్తారు, అతను వాట్సాప్‌లో మెసేజ్‌లు ఫార్వర్డ్ చేస్తాడు. ఎనిమిది వారాలకోసారి చీటీ ఓటుతో మార్చండి. డిపార్ట్‌మెంట్ సమావేశంలో పది నిమిషాలు ఇచ్చి క్లాసు తరఫున మూడు విషయాలు రాతపూర్వకంగా అడగనివ్వండి. జవాబు కూడా రాతలోనే ఇవ్వండి. చాలు.

అమ్మాయిల విషయానికొస్తే, ఏ ఫెస్ట్ కమిటీ జాబితా తీసినా ఒకటే వరస. కన్వీనర్, కోశాధికారి, స్టేజీ, సౌండు అబ్బాయిలు. ముగ్గులు, బొకేలు, స్వాగతం, యాంకరింగ్, జ్యోతి ప్రజ్వలన దగ్గర పళ్లెం అమ్మాయిలు. దీనికి మనస్తత్వాలు ఎంత కారణమో గడియారం కూడా అంతే కారణం. అబ్బాయిల హాస్టల్లో రాత్రి తొమ్మిదింటికి జరిగే మాటల్లో నిర్ణయాలు అయిపోతాయి. ఆ వేళకు లేడీస్ హాస్టల్ గేటుకు తాళం పడి ఉంటుంది. కమిటీ సమావేశాలన్నీ సాయంత్రం 3:30 నుంచి 5 లోపే జరగాలని, రాత్రి వాట్సాప్‌లో తీసుకున్న నిర్ణయం చెల్లదని ఒక్క వాక్యం రాయండి. డబ్బు సంతకం పెట్టే ఇద్దరు విద్యార్థుల్లో ఒకరు తప్పకుండా అమ్మాయే ఉండాలి.

భాష మరో గేటు. ఊళ్ల నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు పని బ్రహ్మాండంగా చేస్తారు, ఇంగ్లిష్‌లో ఇంటర్వ్యూ పెట్టి కోఆర్డినేటర్లను ఎంపిక చేసేసరికి వెనక బెంచీలోకి జరిగిపోతారు. సమావేశం, మినిట్స్, జనరల్ బాడీ తెలుగులో నడవనివ్వండి. హైదరాబాద్ ప్రాంగణాల్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు ఉర్దూలో, ఏజెన్సీ ప్రాంతాల పిల్లలు వాళ్ల మాటలో మాట్లాడితే పక్కవాడు తెలుగులో చెబుతాడు. బయటి సంస్థకు ఈమెయిల్ రాయాల్సి వచ్చినప్పుడు ఇంగ్లిష్ ఎలాగూ నేర్చుకుంటారు, అవసరం నేర్పిస్తుంది.

తప్పులు జరుగుతాయి. జరగనివ్వాలి కూడా, కానీ ఎంతవరకో ముందే గీత గీయాలి. కూర ఉప్పన కావడం, పోస్టర్‌లో తేదీ తప్పు పడటం, 2,000 రూపాయల లోపు నష్టం, ఇవి విద్యార్థుల తప్పులు. వాటికి విశ్వవిద్యాలయం సంజాయిషీ నోటీసులు ఇవ్వకూడదు. నోటీసు ఇచ్చిన మరుక్షణం మిగతా కమిటీలన్నీ ప్రతి చిన్నదానికీ వార్డెన్ సంతకం కోసం నిలబడతాయి, మళ్లీ మొదటికొస్తాం. విద్యార్థి నాయకుల మీద పెట్టకూడని పనులూ ఉన్నాయి. ర్యాగింగ్ ఫిర్యాదును తామే రాజీ చేయడం, లైంగిక వేధింపు విషయాన్ని విచారించడం, కుంగిపోయి ప్రాణం మీదికి తెచ్చుకునేలా ఉన్న స్నేహితుణ్ణి రాత్రంతా తామే కాపలా కాయడం, ఫుడ్ పాయిజనింగ్ జరిగితే గదిలోనే మాత్రలు పంచడం. వీటిలో విద్యార్థి నాయకుడి పని ఒక్కటే: పది నిమిషాల్లో ఫలానా అధ్యాపకుడికి, హెల్త్ సెంటర్‌కు ఫోన్ చేయడం. ఆ నంబర్లు నోటీసు బోర్డు మీద కాదు, వాళ్ల ఫోన్లలో ఉండాలి. ఫోన్ ఎత్తే మనిషి అవతల ఉండాలి. శిబిరాల్లో చెరువు, కాలువ, బావి దగ్గర స్నానాలకు అనుమతి ఇచ్చే అధికారం కూడా విద్యార్థికి ఇవ్వకండి.

ఎన్నికల మాట ఎత్తకుండా ఈ లేఖ పూర్తి కాదు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో దశాబ్దాలుగా విద్యార్థి సంఘ ఎన్నికలు లేవు. అదే హైదరాబాద్‌లోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జరుగుతున్నాయి. విద్యార్థి సంఘ ఎన్నికలు ఎలా జరపాలో చెప్పేందుకు వేసిన లింగ్డో కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది, అదే ఏడాది సెప్టెంబర్ 22న సుప్రీంకోర్టు అమలు చేయమంది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలకు మించకూడదు, 75 శాతం హాజరుండాలి, సబ్జెక్టులు మిగిలి ఉండకూడదు, అచ్చు పోస్టర్లు వేయకూడదు, నామినేషన్ నుంచి ఫలితం దాకా పది రోజుల్లో అంతా ముగియాలి. గొడవలు జరిగే వాతావరణం ఉన్నచోట ప్రతినిధుల్ని ఎన్నుకోకుండా నియమించే నామినేషన్ పద్ధతికి ఆ కమిటీ ఒప్పుకుంది కానీ, దాన్ని తాత్కాలికమనే చెప్పింది, ఐదేళ్లలో ఎన్నికల పద్ధతికి మారాలంది. దాదాపు ఇరవై ఏళ్లు గడిచినా ఈ తాత్కాలికం తీరడం లేదు. పార్టీలు, కులాలు, కొట్లాటలు వస్తాయన్న భయం మాకూ తెలుసు. ఎన్నికలు లేనంత మాత్రాన కులసంఘాలు, పార్టీ విభాగాలు ప్రాంగణాల్లోంచి పోలేదు కదా. జవాబు చెప్పాల్సిన పదవి లేకుండా ఉన్నాయి, అంతే తేడా. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం, విద్యార్థుల వ్యవహారం వచ్చినప్పుడు లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత ఫిర్యాదుల కమిటీలో కూర్చునే ముగ్గురు విద్యార్థుల్ని ఎన్నుకోవాలి. కనీసం ఆ ఎన్నికతోనైనా మొదలుపెట్టండి. అక్కడ బ్యాలెట్ పెట్టె ఎలా నడపాలో ఆఫీసు కూడా నేర్చుకుంటుంది.

ఇక మార్కులు. యూజీసీ 2019లో తెచ్చిన జీవన కౌశల్ పాఠ్యప్రణాళికలో నాయకత్వ, నిర్వహణ నైపుణ్యాలకు చోటిచ్చారు. దాన్ని ‘నాయకత్వ రకాలను వివరింపుము’ అనే పది మార్కుల ప్రశ్నగా మార్చేశాం. ఆ క్రెడిట్లను పని చేసినవాళ్లకు ఇవ్వండి. అంచనాకు మూడు చాలు: విద్యార్థి రాసుకున్న లాగ్ బుక్, పది నిమిషాల ముఖాముఖి, అతని కింద పనిచేసిన ఐదుగురు పేరు లేకుండా ఇచ్చే చీటీలు. చీటీలో మూడు ప్రశ్నలు. నీ పని ఏమిటో నీకు స్పష్టంగా తెలిసిందా? నీ మాట విన్నారా? నడిపించేవాళ్లు లేని రోజు పని సాగిందా? మూడో ప్రశ్నకు అవునని వచ్చినవాళ్లకు ఎక్కువ మార్కులు. ‘ఆయన లేకపోతే ఏదీ జరగదు సార్’ అన్న పొగడ్తను మేం వైఫల్యం కిందే లెక్కేస్తాం.

దిగిపోయేవాళ్లు పదవి వదిలే ముందు నాలుగు పేజీలు రాసి ఇవ్వాలి. కట్టాల్సిన బిల్లులు, రావాల్సిన డబ్బు, టెంటు, సౌండు, ప్రింటింగ్ వాళ్ల నంబర్లు, వాళ్లలో ఎవరు మాట మీద నిలబడ్డారు, క్లబ్ ఈమెయిల్ పాస్‌వర్డు, తాళాలు ఎవరి దగ్గరున్నాయి, ఈ ఏడాది చెడిపోయిన మూడు పనులు, ఎందుకు చెడ్డాయి. ఇప్పుడు ఫైనలియర్ వాళ్లతోపాటు వాట్సాప్ గ్రూపు, జీమెయిల్, అనుభవం అన్నీ వెళ్లిపోతున్నాయి. ప్రతి జూనియర్ బ్యాచూ చక్రాన్ని మళ్లీ మొదటి నుంచి చెక్కుకుంటోంది.

ఇదంతా ఎవరు చూడాలి అన్న ప్రశ్న న్యాయమైనది. అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉన్నాయి, ఉన్నవాళ్ల మీద మూడు కమిటీల బరువుంది, హాస్టల్ అదనపు బాధ్యతగానే వస్తుంది. విద్యార్థి కమిటీకి తోడుండే అధ్యాపకుడికి వారానికి రెండు పీరియడ్లు తగ్గించండి. ఆయన పని రెండు మాటల్లో ఉంటుంది. సమావేశంలో మొదటి అరగంట నోరు మెదపకుండా కూర్చోవాలి, ముందుకొచ్చిన కాగితం మీద రెండు పనిదినాల్లో అవునో కాదో రాయాలి. మొదటిది మాలో చాలామందికి చాలా కష్టం. విద్యార్థి తడబడుతుంటే జవాబు అందించేయాలని నోరు దురద పెడుతుంది. అందించిన క్షణం నుంచి సమావేశం మనదైపోతుంది, వాళ్లు మళ్లీ క్లాసులో కూర్చున్నట్టు నోట్సు రాసుకోవడం మొదలుపెడతారు.

ప్రాంగణమంతా ఒకేసారి మార్చమని మేం అడగడం లేదు. వచ్చే సెమిస్టర్‌లో ఒక హాస్టల్, ఒక డిపార్ట్‌మెంట్, ఒక ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ ఎంచుకోండి. సర్క్యులర్ ఒక పేజీ దాటొద్దు. అందులో ఆరుగురి మెస్ కమిటీ, మూడు నెలల గడువు, రెండు తాళాలు, 5,000 అడ్వాన్సు, ఏడు రోజుల లెక్క, 3:30 సమావేశం, రెండు పనిదినాల సంతకం, 2,000 రూపాయల తప్పుల గీత ఉంటే చాలు. నివేదిక కోసం ఫొటోలు అడగకండి. నెలాఖరున నోటీసు బోర్డు మీద అంటించిన మెస్ లెక్క నకలు ఒకటి, మూడు గళ్ల మినిట్స్ పేజీ ఒకటి పంపమనండి. ఆ పేజీలో కొట్టివేతలుంటాయి, తేదీలు జరిగి ఉంటాయి, చేతిరాత బాగుండదు. దయచేసి ఫెయిర్ కాపీ అడగకండి.

ఇట్లు,
హాస్టళ్లు, ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్లు, విద్యార్థి క్లబ్బుల బాధ్యత చూస్తున్న కొందరు అధ్యాపకులు, వార్డెన్లు